గోళ్ల మిట్ట మీది రాయి

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలెవరమూ గోళ్ల మిట్ట మీద కాలు పెట్టేవాళ్లం కాదు. ముదిగుబ్బ నుంచి కొండల వైపు తిరిగితే మా ఊరు వస్తుంది. ఊరి నుంచి ఇంకో గంట నడిస్తే ఆ మిట్ట. పెద్ద గుట్టేమీ కాదు, రెండు నిలువుల ఎత్తు ఉంటుందేమో. అయితే దాని మీద ఎక్కడ చూసినా సన్నటి రాతి పెచ్చులు పరుచుకుని ఉండేవి. కొన్ని తెల్లటి పలుగురాయివి, కొన్ని ముదురు బెల్లం రంగువి. కొంచెం వంపు తిరిగి, అంచులు పలచబడి, అచ్చం తీసి పారేసిన గోళ్లలాగే ఉండేవి. ఒక రాక్షసి అక్కడ కూర్చుని గోళ్లు తీసుకునేదని, వాటిని తొక్కిన పిల్లల వాసన పట్టి ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని మా జేజి చెప్పేది. మా పక్క నాయనమ్మను జేజి అంటారు. ఆ కథ నేను ఎంతగా నమ్మానంటే, గొర్రెల వెంట ఆ దారిన పోవాల్సి వస్తే ఊపిరి బిగబట్టుకుని పరుగెత్తేదాన్ని.

మా తాత పోయాక మందను జేజి తన చేతిలోకి తీసుకుంది. ఆడమనిషి మంద తోలుకుని పోవడమేమిటని ఊళ్లో కొందరు నొసలు చిట్లించారు. ఆమె తాత కంబళి భుజాన వేసుకుని, తాత కట్టె పట్టుకుని బయలుదేరింది. మా నాయన చేను చూసుకునేవాడు. చేను అంటే ఏముంది, వాన పడితే శెనక్కాయ, పడకపోతే దుమ్ము. నేను చెప్పే ఏడాదికి వరసగా రెండేళ్లు వాన మా ఊరి మొహం చూడలేదు. మంద కరిగి కరిగి ముప్పై తలలకు వచ్చింది. మిగిలినవి కూడా పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉండేవి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడికి సెలవులిచ్చారు కాబట్టి రోజూ జేజి వెంట పోయేదాన్ని. మందలో ఈ ఈతకు పుట్టే మొదటి ఆడ గొర్రెపిల్ల నాదేనని జేజి మాట ఇచ్చింది. నాదంటే నాదే. దాని చెవికి గుర్తుగా నేనే గాటు పెట్టాలి, దానికి నేనే పేరు పెట్టాలి. ఆ మాట ఇచ్చిన రోజు నుంచి కడుపుతో ఉన్న ప్రతి గొర్రె చుట్టూ పెద్ద మంత్రసానిలా తిరిగాను. ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు.

ఆ రోజు పొద్దెక్కే వేళకు మంద ఆ మిట్టకు కొంచెం ఇవతల, తుమ్మచెట్ల కింద ఉంది. ఒక బక్క గొర్రె ఈనింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. తల్లి ఒక్కసారి లేచి దాన్ని నాకింది. తర్వాత పక్కకు ఒరిగి పడుకుంది, మళ్లీ లేవలేదు. మేత లేక ఎండిపోయిన ఒంట్లో ఈ ఒక్క పనికే ఓపిక మిగిలినట్టుంది. జేజి దాని కళ్లు మూసి, కాసేపు దాని తల మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

ఆ వెనువెంటనే ఇంకో గొర్రె ఈనింది. నుదుట తెల్ల మచ్చ ఉండేది, చుక్కది అని పిలిచేవాళ్లం. కొంచెం బలమైన గొర్రె, పొదుగు నిండుగా ఉంది. దాని పిల్ల మాత్రం ఊపిరి లేకుండానే పుట్టింది. జేజి దాన్ని తలకిందులుగా పట్టుకుని ఊపింది, ముక్కులో ఊదింది, రొమ్ము రుద్దింది. ఏం లాభం లేకపోయింది.

ఒకపక్క తల్లి లేని పిల్ల, ఇంకోపక్క పిల్ల లేని తల్లి. తొమ్మిదేళ్ల బుర్రకు అదేమంత కష్టమైన లెక్కగా తోచలేదు, రెండింటినీ కలిపేస్తే సరిపోతుంది కదా అన్నాను. గొర్రెకు ఆ లెక్క తెలియదు. దానికి వాసనే అంతా. జేజి రెండుసార్లు నా పిల్లను చుక్కది పొదుగు దగ్గరికి తోసింది. రెండుసార్లూ అది తిరిగి వాసన చూసి, ఇది నాది కాదని తలతో కుమ్మి విసిరేసింది. పట్టి పిండబోతే కాళ్లు ఝాడించి చెయ్యి పెట్టనివ్వలేదు. రెండోసారి పడినప్పుడు నా పిల్ల లేవడానికి చాలాసేపు పట్టింది. పొద్దు నడినెత్తి దాటేలోపు దాని కడుపులో ముర్రుపాలు పడకపోతే అది బతకదని జేజి నా మొహం చూడకుండా చెప్పింది. పాలిచ్చే మేక ఒక్కటీ ఆ ఏడు మా ఊళ్లో లేదు.

ఇలాంటప్పుడు గొర్రెల వాళ్లు చేసే పని ఒకటి ఉంది. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడుగుతారు. గొర్రె తన బిడ్డ వాసన చూసి పాలు తాగనిస్తుంది. రెండు మూడు రోజులకు తన పాలు తాగిన పిల్ల వాసన దానికి అలవాటవుతుంది, అప్పుడు ఆ తోలు తీసేయవచ్చు. కాకపోతే తోలు పచ్చిగా ఉండగానే చెయ్యాలి, గొర్రెకు తన బిడ్డ వాసన ముక్కులో ఉండగానే చెయ్యాలి. జేజి సంచిలో చెయ్యి పెట్టింది, కత్తి కోసం.

కత్తి అక్కడ లేదు. లేదని ఆమెకన్నా ముందు నాకు తెలుసు.

పొద్దున్నే, ఆమె అటు తిరిగి ఉన్నప్పుడు, నేనే దాన్ని తీసుకుపోయాను. బండల పక్కన పాపాసుకళ్లి పొదలు ఉండేవి. పుస్తకాల్లో నాగజెముడు అంటారు. దాని ఎర్రటి పండ్లంటే నాకు ప్రాణం. ఒంటినిండా సూదుల్లాంటి ముళ్లు, వాటిని గీకి చీల్చుకోవడానికి కత్తి కావాలి. నాలుగైదు పండ్లు తిన్నాక కత్తి చేతిలోంచి జారి రెండు పెద్ద బండల మధ్య సందులో పడింది. మోచేతి వరకు పెట్టి చూశాను, కట్టెతో గెలికి చూశాను. గెలికేకొద్దీ అది ఇంకా లోతుకు జారిపోయింది. ఏమీ ఎరగనట్టు వచ్చి తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను.

జేజి సంచి బోర్లించింది. కంబళి దులిపింది. "కత్తి కనపడల్యా పాపా, యాడన్నా సూసినావా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధమాడేటప్పుడు నేను రెప్ప కూడా ఆర్పేదాన్ని కాదు, ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చింది. ఊరికి పోయి ఇంకో కత్తి తేవాలంటే పోను గంట, రాను గంట. నా ఒళ్లోని పిల్ల చెవులు చల్లబడుతున్నాయి. నేను కోరుకున్న పిల్ల, జేజి నాకిస్తానన్న పిల్ల, నా తిండి యావ వల్లనే చచ్చిపోబోతోందని తెలిసి కూడా నోరు పెగలలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

జేజి నా వైపు ఒక్క క్షణం నిదానంగా చూసింది. తర్వాత చచ్చిన పిల్లను కంబళిలో చుట్టుకుని లేచింది. నన్ను కూడా లెమ్మంది. ఆమె నడక గోళ్ల మిట్ట వైపు సాగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి చెప్పింది.

"రా పాపా. రాక్షసీ లేదు, దాని గోళ్లూ లేవు. మీ కాళ్లు తెగుతాయని నేను చెప్పిన మాట అది. ఈడ ఉన్నింది మనుషులే, మన మాదిరి మనుషులు."

నేను ఎన్నేళ్లుగానో భయపడిన మిట్ట మీదికి, చేతుల్లో కొన ఊపిరితో ఉన్న పిల్లను పెట్టుకుని ఎక్కాను. చుక్కది తన బిడ్డ వాసన వెంట మిట్ట మొదలు దాకా వచ్చి, పైకి చూస్తూ అరుస్తూ నిలబడింది. పైన గాలి బాగా వీస్తోంది. అక్కడి నుంచి చూస్తే వాన నీళ్లు పారే వంక మొత్తం కనిపిస్తుంది, అటు కొండ మలుపు, ఇటు బయలు. మంద మేపేవాళ్లకైనా, వేటకు కాచుకున్నవాళ్లకైనా అంతకన్నా మంచి చోటు దొరకదని అప్పుడే అర్థమైంది.

జేజి నేల మీద చతికిలబడి పెచ్చులు ఏరసాగింది. ఒక్కోటి తీసి వెలుగుకు పట్టి చూడడం, బొటనవేలి గోటి మీద గీసి చూడడం, పారేయడం. ఇది తనకు వాళ్ల నాయన నేర్పిన విద్య అని చెప్పింది. ఆయన కాలంలో కత్తి మొండిబారితే, మేపే చోట ఇలాంటి రాళ్లతోనే గొర్రెపిల్లల బొడ్డు కోసేవాడట. చివరికి ఒక ముక్క ఆమెకు నచ్చింది. నా చిటికెన వేలంత పొడవు, బెల్లం రంగు. ఒక అంచు ఎంత పలచగా ఉందంటే ఎండకు పట్టుకుంటే అవతలి వెలుగు తెలిసింది. రెండో అంచు మాత్రం మొద్దుగా ఉంది. పగిలి మొద్దుబారింది కాదు, వేలు తెగకుండా ఉండాలని ఎవరో పనిగట్టుకుని చిన్న చిన్న దెబ్బలతో మొద్దు చేశారు. ఆ దెబ్బలు లెక్కపెట్టవచ్చు.

జేజి దాన్ని పట్టుకుని చచ్చిన పిల్ల వెనక కాలి దగ్గర ఆనించింది. రాయి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. ఆమె వేళ్లు కీళ్ల దగ్గర బిగుసుకుపోయి ఎన్నాళ్లో అయింది, కట్టె పట్టుకోవడానికి తప్ప సన్న పనికి లొంగవు. ఆమె నా కుడి చేతిని దగ్గరికి లాక్కుని రాతిని నా వేళ్ల మధ్య పెట్టింది.

ఆ క్షణం గురించి ఎలా చెప్పాలో అరవై ఏళ్లుగా నాకు తెలియడం లేదు. ఆ రాయి నా చేతిలో కూర్చుంది. చూపుడు వేలు దానంతటదే మొద్దు అంచు మీదికి పోయింది, బొటనవేలికి పక్కన ఒక చిన్న గుంట దొరికింది. నా కొలత తీసుకుని చేసినట్టు ఉంది. మా ఇంట్లో ఒక్క వస్తువూ నా కొలతకు లేదు. చెంబు పెద్దది, చేట పెద్దది, నా రవిక కూడా అక్క తొడిగి విడిచింది. నా చేతికోసం తయారైనట్టున్న వస్తువు నా బతుకులో అదే మొదటిది. నా ఒళ్లంతా జలదరించింది.

జేజి కూడా చూసింది. నా చేతిని తిప్పి, ఆ మొద్దు అంచును తన వేలికొసతో తడిమింది. ఒక కొస దగ్గర దెబ్బలు గజిబిజిగా ఉన్నాయి, ఒకటి మరీ లోతుకు పోయింది, ఒకటి తప్పి పక్కన పడింది. అక్కడి నుంచి పోనుపోను కుదురుకుని, చివరికి కుట్టు వేసినంత వరసగా వచ్చాయి.

"ఇది పెద్దోళ్ల చెయ్యి కాదు పాపా. నీయంత పిల్ల ఎవతో నేర్చుకుంటా కొట్టుకున్నింది, దాని చేతికి సరిపోయేట్టు."

ఇక నన్ను కొయ్యమంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత లోతుకు పోవాలో ఆమె చెబుతుంటే నేను చేశాను. వెనక కాళ్ల చుట్టూ ఒక గాటు, అక్కడి నుంచి తొడల మీదుగా ఒక గీత. రాయి తోలును ఇంత సులువుగా తెంపుతుందని నేను అనుకోలేదు, మా ఇంటి కత్తి కూడా అలా తెంపదు. ఎన్ని వేల ఏళ్లు ఎండకు ఎండి వానకు తడిసిందో, దాని పదును మాత్రం పోలేదు. తర్వాత జేజి పిడికిలి పెట్టి తోలును మెల్లగా విడదీసింది, ఆ పనికి ఆమె చేతులు చాలు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తొందరపెట్టనూ లేదు. పని జరుగుతుండగా, నాతో కాదు తనలో తాను అన్నట్టు, చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఈడ కూచున్నోళ్లకు మందలు లేవు, చేన్లు లేవు. జింకల్ని కొట్టుకొని, గడ్డలు తవ్వుకొని తిన్నోళ్లు. మా నాయన సెప్పేవాడు. వాళ్లల్లో ఎవరికో ఒకరికి, తల్లి సచ్చిన పిల్ల ఒకటి దొరికింటాది. దాన్ని కోసుకోబుద్ధి అయ్యిండదు. సంకనేసుకొని వచ్చింటారు. ఆ పొద్దు నుంచి మనం గొర్రెలోళ్లమైనాం."

నేను ఏడుపు ఆపి చేతిలోని రాయి వైపు చూశాను. చంపడానికి, కోసుకోవడానికి చేసిన రాయి. అదే రాయితో, వాళ్లు కూర్చున్న చోటే కూర్చుని, మేము ఒక పిల్లను బతికించడానికి కోస్తున్నాం. ఇంత మాట నేను అప్పుడే అనుకున్నానంటే అబద్ధమవుతుంది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే, ఆ మిట్ట మీద ఉన్నది మేమిద్దరమే కాదు. భయం వేయలేదు. పండగనాడు బంధువులతో నిండిన ఇంట్లో కూర్చున్నట్టుగా ఉంది.

తోలు చొక్కాలో నా పిల్ల నాలుగు కాళ్లూ దూర్చి కిందికి తీసుకుపోయాం. చుక్కది దగ్గరికి వచ్చింది. తల వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకు వచ్చి, వీపు వాసన చూసింది, తోక మొదట్లో ముక్కు పెట్టి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత గొంతులోనే సన్నగా ఒక రకంగా పిలిచింది. గొర్రె తన బిడ్డను తప్ప ఇంకెవరినీ అలా పిలవదు. జేజి పిల్ల నోటిని పొదుగుకు అందించింది. మొదట ఏమీ కాలేదు. కాసేపటికి ఆ తోలు చొక్కా వెనక బుల్లి తోక గిలగిలా కొట్టుకోవడం మొదలైంది. పాలు గొంతు దిగుతున్నాయని గొర్రెపిల్ల చెప్పే తీరు అదే.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. కత్తి సంగతి అంతా ఒక్క ఊపులో చెప్పేసి, దెబ్బల కోసం వీపు వంచి నిలబడ్డాను. జేజి నవ్వింది.

"నీ మూతి సూసినప్పుడే తెలిసినాది. పాపాసుకళ్లి తిన్న మూతి యాడ దాగుతాది?"

నిజమే. పెదవులు, వేళ్లు, రవిక అంచు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆ అవతారంతో, రెప్ప ఆర్పకుండా అబద్ధమాడానని నేను గర్వపడ్డాను. కత్తి మాత్రం దొరకలేదు. మా నాయన మర్నాడు గునపం తీసుకుని వచ్చి చూసినా అందలేదు. మనం కూడా వెనక వచ్చేవాళ్లకు ఒకటి వదిలిపెట్టినాంలే అని జేజి చాలా రోజులు ఎగతాళి చేసింది.

రాయిని నేను పావడ కుచ్చిళ్లలో దాచుకున్నాను. జేజి అది కూడా కనిపెట్టింది. మళ్లీ మిట్ట ఎక్కించి, ఎక్కడ తీశామో అక్కడే పెట్టమంది. నాకు ఏడుపు వచ్చింది, నాకోసమే చేసినట్టుంది కదా అని మొండికేశాను. వాళ్లు వదిలిపోయారు కాబట్టే మనకు అందింది, మనం ఎత్తుకుపోతే ఇంకొకరికి అందదు అంది. పెట్టేసి వచ్చాను. చాలా అడుగుల దాకా వెనక్కి తిరిగి తిరిగి చూశాను.

చాలా ఏళ్ల తర్వాత, నేను అంగన్‌వాడీలో పనిచేసే రోజుల్లో, ఏదో కాలేజీ నుంచి ఒక అయ్యవారు నలుగురైదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని మా మిట్ట చూడటానికి వచ్చాడు. నేనే దారి చూపించాను. వేటాడి బతికినవాళ్లు ఈ సన్న రాళ్లను చెట్ల బంకతో కట్టెకు పళ్లలాగా అతికించుకునేవాళ్లని ఆయన చెప్పాడు. ఆ తర్వాతి కాలం వాళ్లు రాళ్లను నున్నగా నూరి గొడ్డళ్లు చేసుకున్నారని, కుండలు వచ్చాయని, మందలు వచ్చాయని, తిరగడం తగ్గి ఒకచోట నిలిచారని వివరించాడు. జేజి ఒక్క ముక్కలో చెప్పిన సంగతి ఆయన పూట పొడుగునా చెప్పాడు. అయితే గొర్రెలు ఈ నేల మీద పుట్టినవి కావని, ఎక్కడి నుంచో మనుషుల వెంట నడిచి వచ్చాయని అన్నాడు. సరే, వాటిని మొదటిసారి చూసి చంపకుండా దగ్గరికి తీసుకున్నవాళ్లు మాత్రం ఈ మిట్ట మీదివాళ్లే అయ్యుండొచ్చు కదా అన్నాను. అయ్యుండొచ్చు అని నవ్వాడు. నా రాతి గురించి కూడా చెప్పాను. అది పిల్ల చేసిందో పెద్దవాళ్లు చేశారో చెప్పడం కష్టమన్నాడు. చదువుకున్న మనిషి, ఆయనతో వాదించలేదు. నమ్మడం మాత్రం మానలేదు.

నా గొర్రె తొమ్మిది ఈతలు ఈనింది. దాని సంతతి ఇప్పటికీ మా తమ్ముడి మందలో ఉంది. మిట్టకు అవతల ఇప్పుడు గాలిమరలు తిరుగుతుంటాయి, వాటికోసం వేసిన రోడ్డు మిట్ట ఒక పక్కను కోసేసింది. మొన్న పోయి చూస్తే కొంత బాధ కలిగింది. ఆ రాయి రోడ్డు కిందికి పోయిందో, ఎక్కడో పడి ఉందో తెలియదు. వెతకలేదు.

అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పిల్లల మధ్యే గడిపాను. ఏదో ఒకటి పగలగొట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని, నాకేం తెలియదన్నట్టు నిలబడ్డ పిల్లలు నా ముందుకు ఎంతమంది వచ్చారో చెప్పలేను. ఇప్పుడు మనవళ్లు వస్తున్నారు. నా నోరు మంచిది కాదని మావాళ్లందరికీ తెలుసు, అయినా ఆ సమయానికి అది లేవదు. ఒలికిన పాలు తుడవడానికి గుడ్డ చేతికిస్తాను, పగిలిన పెంకులు ఎత్తడానికి చేట ఇస్తాను. పక్కన కూర్చుని వాళ్ల చేతుల వైపే చూస్తాను. ఆ చిన్న వేళ్లు రెండుసార్లు తప్పి మూడోసారి పని పట్టుకుంటున్నప్పుడు నా ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ మిట్ట మీద కూడా ఒకప్పుడు ఇలాగే, ఒక పిల్ల రాతి మీద దెబ్బ తప్పుతుంటే, ఎవరో ఒక పెద్దావిడ పక్కన కూర్చుని ఓపికగా చూసింది. ఆమె విసుక్కుని ఆ రాయి లాక్కుని ఉంటే, అది పూర్తయ్యేది కాదు, నా గొర్రెపిల్ల ఆ రోజు బతికేది కాదు.